కార్బొరేటర్ మార్చేముందు పెట్రోలు దారి చూడండి

రైతుకు బండి షోకు కాదు. తెల్లారి పాల క్యాన్లు కేంద్రానికి చేరాలన్నా, మదనపల్లె మార్కెట్టుకు టమాటా బాక్సులు వేలంపాట వేళకు అందాలన్నా, మధ్యాహ్నం యూరియా మూట పొలానికి తేవాలన్నా అదే పాత మోపెడ్, అదే పాత మోటారు సైకిల్. పుంగనూరు, పలమనేరు వైపు ఏ పల్లెకు వెళ్లినా పదిహేను, ఇరవై ఏళ్ల బండ్లు ఇంకా తిరుగుతూనే కనిపిస్తాయి. అలాంటి బండి పాలవేళకు దారిలో మొరాయిస్తే పోయేది రిపేరు ఖర్చు ఒక్కటే కాదు. ఆ పూట పాలు పోతాయి, ఆ రోజు పని పోతుంది.

2020 ఏప్రిల్‌లో బి.ఎస్.6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో కార్బొరేటర్ దాదాపు కనుమరుగైంది. దాని స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. కొత్తగా పని నేర్చుకునే కుర్రాళ్లు కొత్త బండ్ల పనే నేర్చుకుంటున్నారు. పాత బండి షెడ్డుకు వచ్చి "పెట్రోలు అందడం లేదు" అనగానే చాలా చోట్ల వినిపించే మాట ఒక్కటే: "కార్బొరేటర్ పోయింది, మార్చాల్సిందే." రైతు కూడా తొందరలో ఉంటాడు, సరే కానియ్యమంటాడు. కూలితో కలిపి బిల్లు వేలల్లోకి పోతుంది. వారం తిరక్కుండా బండి మళ్లీ అక్కడే ఆగుతుంది. ఎందుకంటే జబ్బు కార్బొరేటర్‌లో లేదు, దానికి పైన ఎక్కడో ఉంది.

చివరి మడికి నీళ్లు అందకపోతే మనం ఏం చేస్తాం? మడిని తవ్వి పోయం. తూము దగ్గర మొదలుపెట్టి కాలువ గట్టు వెంట నడుచుకుంటూ వస్తాం. ఎక్కడ గండి పడింది, ఎక్కడ తుంగ అడ్డుపడింది, ఎక్కడ పూడిక చేరింది చూస్తాం. బండికీ అదే పద్ధతి. పెట్రోలు ట్యాంకులో బయల్దేరి మూత, ట్యాపు, పైపు, ఫిల్టర్, కార్బొరేటర్ తొట్టి, జెట్టు వరుసగా దాటి ఇంజనుకు చేరుతుంది. ఈ దారిని పైనుంచి కిందికి ఒక్కొక్క మెట్టుగా చూస్తే జబ్బు ఎక్కడుందో మీకే తెలుస్తుంది. పెద్ద చదువు అక్కర్లేదు. ఒక ప్లగ్గు పానా, ఒక స్క్రూడ్రైవర్, పెట్రోలుకు పనికొచ్చే ఒక శుభ్రమైన సీసా చాలు.

ఒక హెచ్చరిక మాత్రం ముందే చెప్పాలి. ఈ పనులు పగటి వెలుతురులో, ఆరుబయట, ఇంజను చల్లారాకే చేయాలి. దగ్గర్లో బీడీ, పొయ్యి, దీపం ఉండకూడదు. పెట్రోలు చిందితే తుడిచి, ఆరిన తర్వాతే కిక్కు కొట్టాలి.

ముందు ప్లగ్గు చెప్పే సాక్ష్యం

బండి స్టార్టు కాకపోతే అది పెట్రోలు తప్పా, కరెంటు తప్పా ముందు తేల్చుకోవాలి. చోక్ వేసి ఏడెనిమిది కిక్కులు కొట్టి ప్లగ్గు విప్పి చూడండి. మొన పొడిగా ఉంటే పెట్రోలు ఇంజనుకు చేరడం లేదని అర్థం. తడిసి పెట్రోలు వాసన కొడుతుంటే పెట్రోలు వస్తోంది, స్పార్కు లేదనో, పెట్రోలు ఎక్కువైందనో అనుమానించాలి. రెండు స్ట్రోకుల పాత మోపెడ్లలో ప్లగ్గు మీద ఆయిల్ జిడ్డు ఎప్పుడూ కొంత ఉంటుంది, దాన్ని చూసి మోసపోవద్దు. వాసన చూసి తేల్చుకోండి. ప్లగ్గు విప్పిన రంధ్రం దగ్గరే పెట్టి స్పార్కు చూడడం ప్రమాదం, ఆ పని మెకానిక్‌కు వదిలేయండి.

మూతకు ఊపిరాడాలి

బండి బాగానే స్టార్టవుతుంది. రెండు మూడు కిలోమీటర్లు పోయి ఆగిపోతుంది. పది నిమిషాలు ఆగితే మళ్లీ నడుస్తుంది. ఈ లక్షణం కనిపిస్తే ముందుగా ట్యాంకు మూత చూడండి. ట్యాంకులోంచి పెట్రోలు కిందికి దిగాలంటే పైనుంచి గాలి లోపలికి పోవాలి. అందుకోసం మూతలో సన్నటి రంధ్రం ఉంటుంది. దుమ్ము, మట్టి చేరి అది మూసుకుపోతే పెట్రోలు రాను రాను ఆగిపోతుంది.

బండి ఆగిన చోటే మూత తెరవండి. సుయ్‌మని గాలి పీల్చిన శబ్దం వచ్చి, తర్వాత బండి మామూలుగా నడిస్తే దొంగ దొరికినట్టే. మూత శుభ్రం చేసుకుంటే సరిపోతుంది, పైసా ఖర్చు లేదు. వాన పడుతుందని మన వాళ్లు ట్యాంకు మూత మీద ప్లాస్టిక్ కవరు బిగించి రబ్బరు బ్యాండు వేస్తారు. పొలం దగ్గర నిలిపి ఉంచినప్పుడు పర్వాలేదు. నడిపేటప్పుడు మాత్రం ఆ కవరు తీసేయాలి.

ట్యాపు దగ్గర ధార చూడండి

తర్వాత మెట్టు ట్యాపు. ట్యాపు కట్టి, పైపును కార్బొరేటర్ దగ్గర విప్పి, కొసను సీసాలో పెట్టి ట్యాపు తిప్పండి. ధార ఆగకుండా సాఫీగా రావాలి. కాసేపు వచ్చి సన్నబడితే మూత తెరిచి మళ్లీ చూడండి. మూత తెరిస్తే ధార పెరిగిందా, తప్పు మూతది. తెరిచినా చుక్కలు చుక్కలుగానే వస్తుంటే ట్యాపు లోపలి జల్లెడలో తుప్పు, నలక చేరిందన్నమాట. ఆన్‌లో రాక రిజర్వులో వస్తే చాలాసార్లు అసలు సంగతి ట్యాంకులో పెట్రోలు తగ్గడమే. ముందు ట్యాంకు ఊపి చూడండి. కొన్ని స్కూటర్లలో ఇంజను తిరిగితేనే ట్యాపు తెరుచుకునే ఏర్పాటు ఉంటుంది. వాటిలో ఇంజను ఆగి ఉన్నప్పుడు ధార రాకపోవడం జబ్బు కాదు.

పైపు, ఫిల్టర్ చవకైన భాగాలు. అందుకేనేమో ఎవరూ పట్టించుకోరు. పైపు ఎక్కడైనా మడత పడిందా, ఇంజను వేడికి గట్టిపడి పగిలిందా వేలితో తడిమి చూడండి. ఫిల్టర్ మీద బాణం గుర్తు ఉంటే అది కార్బొరేటర్ వైపు చూడాలి. ఫిల్టర్ సగమే నిండి ఉందని కంగారుపడొద్దు. ధార బాగుంటే అది సహజమే. లోపల ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే మాత్రం ఫిల్టర్ ఒక్కటే మార్చి ఊరుకోవద్దు. తుప్పు ట్యాంకులో ఉంది. ట్యాంకు కడిగించకుండా ఎన్ని ఫిల్టర్లు మార్చినా దండగే.

తొట్టిలో నీళ్లున్నాయా?

ధార బాగుంటే అప్పుడు కార్బొరేటర్ వంతు. దాని అడుగున చిన్న డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. ట్యాపు కట్టి ఆ స్క్రూ వదులు చేస్తే తొట్టిలోని పెట్రోలు సీసాలోకి దిగుతుంది. రెండు నిమిషాలు కదపకుండా ఉంచి అడుగు చూడండి. వేరే పొర గానీ, బుడగల్లాంటి బొట్లు గానీ కనిపిస్తే నీళ్లు చేరినట్టే. స్క్రూ తెరిచే ఉంచి ట్యాపు తిప్పితే పెట్రోలు ఆగకుండా రావాలి. పైపులో ధార బాగుండి ఇక్కడ రాకపోతే లోపలి సూది వాల్వు అతుక్కుపోయింది.

దీనికి రివర్సు జబ్బు ఓవర్‌ఫ్లో. బండి నిలిపితే కింద పెట్రోలు కారుతుంది. సూది వాల్వు దగ్గర నలక పడినా, సూది అరిగినా, ఫ్లోటుకు చిల్లి పడినా ఇలా అవుతుంది. స్క్రూడ్రైవర్ పిడితో తొట్టిని మెల్లగా తడితే నలక ఒక్కోసారి జారిపోతుంది. కారడం ఆగకపోతే ట్యాపు కట్టేసి షెడ్డుకు తీసుకెళ్లాలి. నాలుగు స్ట్రోకుల బండిలో పెట్రోలు ఇంజను ఆయిల్‌లోకి కూడా దిగొచ్చు. ఆయిల్ మట్టం పెరిగి పెట్రోలు వాసన వస్తుంటే ఆయిల్ మార్చకుండా బండి నడపవద్దు. ఇంజను పట్టేస్తుంది.

జెట్టులో తీగ పెట్టొద్దు

చోక్ వేస్తేనే స్టార్టవడం, ఎక్స్‌లేటర్ వదలగానే ఆగిపోవడం, వేగంలో మాత్రం బాగా పోవడం పైలట్ జెట్టు మూసుకుందనడానికి గుర్తు. నిలిపినప్పుడు బాగానే తిరుగుతూ, ఎక్స్‌లేటర్ ఇచ్చి బరువు లాగమంటే గుక్కపట్టినట్టు ఆగిపోతే మెయిన్ జెట్టును అనుమానించాలి. అలాంటప్పుడు చోక్ సగం వేస్తే కాస్త లాగుతుందా? అయితే పెట్రోలు చాలడం లేదన్నది ఖాయం. కార్బొరేటర్‌కూ ఇంజనుకూ మధ్య రబ్బరు పగిలి గాలి పీల్చినా ఇలాగే ఉంటుంది కాబట్టి అది కూడా చూడాలి. నల్లపొగ వస్తూ మైలేజీ పడిపోతే పెట్రోలు ఎక్కువై గాలి చాలడం లేదు. ముందు ఎయిర్ ఫిల్టర్ దులపండి.

జెట్టు రంధ్రం కొలత పెట్టి చేసింది. దాన్ని తీగతో, సూదితో పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది. ఆ రోజుకు బండి నడుస్తుంది, ఆ తర్వాత మైలేజీ మళ్లీ రాదు. క్లీనర్ స్ప్రేతోనో, గాలి కొట్టో శుభ్రం చేయాలి. మీ కళ్లముందు తీగ పెడుతుంటే వద్దని చెప్పండి.

ఇప్పటి పెట్రోలు వేరు

ఈ జాగ్రత్తలు ఇప్పుడు మరింత అవసరం కావడానికి ఒక కారణం ఉంది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై, 2025 నాటికి దేశమంతా వ్యాపించింది. ఈ ఇథనాల్ చెరకు, మొక్కజొన్న, నూకల నుంచి తయారవుతుంది. అంటే రైతు పంటకు అదొక మార్కెట్టు. దాన్ని కాదనాల్సిన పని లేదు. కానీ పాత బండ్లు దానికోసం తయారైనవి కావు. ఇథనాల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది. తేమ హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి ట్యాంకు అడుక్కు చేరతాయి. రిజర్వు తీసుకునేది అడుగు నుంచే. పాత రబ్బరు పైపులు, వాషర్లు కూడా దీనికి త్వరగా దెబ్బతినవచ్చు. పాత రకం ద్విచక్ర వాహనాలకు మైలేజీ 3-4 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే అంచనా వేసింది.

అలాగని ప్రతి రోగాన్నీ ఇథనాల్ మీదికి తోసేయడం కూడా తప్పే. మూత రంధ్రంలో మట్టి చేరితే అది ఇథనాల్ చేసిన పని కాదు. మన చేతిలో ఉన్నవి మనం చేసుకోవాలి. బండిని నెల రోజులు వాడకుండా పెట్టేటప్పుడు ట్యాపు కట్టి తొట్టి ఖాళీ చేయండి. నిలవ పెట్రోలు ఆవిరై మిగిలిన జిగురే జెట్టును మూసేస్తుంది. బండిని వానలో వదలొద్దు. సీసాల్లో అమ్మే పెట్రోలు కొనొద్దు, అందులో ఏం కలిసిందో అమ్మేవాడికే తెలియదు. ఏడాదికోసారి పైపు, ఫిల్టర్ మార్చండి.

కంపెనీలు చేయాల్సిందీ ఒకటుంది. ఏ మోడల్ పాత బండికి ఏ రబ్బరు భాగాలు మార్చుకోవాలో తెలుగులో ఒక కాగితం అచ్చేసి ప్రతి డీలరు దగ్గరా, ప్రతి బంకు దగ్గరా అంటించాలి. బండి అమ్మినప్పుడు దండ వేసి తాళం చేతికిచ్చిన వాళ్లు పెట్రోలు మారినప్పుడు ఆ మాత్రం చెప్పకపోతే ఎలా? పల్లెల్లో జరిగే రైతు సమావేశాల్లో పురుగుమందుల గురించి చెబుతున్నారు, సంతోషం. ఏడాదికి ఒక పూట బండి, పంపుసెట్టు, స్ప్రేయరు ఇంజను గురించి కూడా ఒక అనుభవమున్న మెకానిక్ చేత చెప్పిస్తే చిన్న రైతుకు ఎంతో మేలు.

మెకానిక్ దగ్గరికి వెళ్లొద్దని ఇక్కడ చెప్పడం లేదు. సూది వాల్వు మార్చాలన్నా, ఫ్లోటు మట్టం సరిచేయాలన్నా అతని చెయ్యే కావాలి. పనితనం ఉన్న మెకానిక్‌కు తెలిసి అడిగే రైతు అంటే గౌరవమే గానీ కోపం రాదు. "బండి నడవట్లేదు, ఏదో చూడు" అని వదిలేసి టీ తాగడానికి పోకండి. "అన్నా, మూత తెరిచి చూశాను, పైపు ధార బాగుంది, తొట్టి స్క్రూ దగ్గర రావడం లేదు" అని చెప్పండి. సగం పని అప్పుడే అయిపోతుంది. ఏ భాగం మార్చినా పాతది చేతికి ఇమ్మని అడగండి. అది మీ హక్కు.

కార్బొరేటర్ నిజంగా పాడయ్యే రోజు కూడా వస్తుంది. అరిగిపోతే మార్చక తప్పదు. కానీ ఆ మాట చివర్న అనాలి, మొదట్లో కాదు. మూత, ట్యాపు, పైపు, ఫిల్టర్, తొట్టి, జెట్టు ఈ వరుస ఒక చీటీ మీద రాసి బండి టూల్ బాక్సులో పెట్టుకోండి. ఇంట్లో బడికెళ్లే పిల్లలకూ ఒకసారి చూపించండి. రేపు పాలవేళకు బండి ఆగితే, జేబులో చెయ్యి పెట్టేముందు ట్యాంకు మూత మీద చెయ్యి పెట్టండి.