కుక్కకాటు - మన కర్తవ్యము

కుక్క కఱచిన గాయము చిన్నదని యుపేక్షించుట, కారమో సున్నమో పట్టించి మంత్రగాని నాశ్రయించుట మన పల్లెల నింకను మానలేదు. ఇది ప్రాణములతో చెలగాటము. పిచ్చికుక్క చొంగలోని విషక్రిమి నరముల వెంట మెల్లగా మెదడున కెగబ్రాకును. నీటిని జూచి బెదరు లక్షణము పొడసూపిన పిమ్మట మరణము దాదాపు తథ్యము. ఆ లోపలి కాలమే మనకు మిగిలిన యవకాశము.

ముదిగొండకు ఖమ్మము చేరువయే. భద్రాచలపు టడవిపల్లెలకు వైద్యశాల దూరము. కాని సబ్బును నీరును ఎవరికిని దూరము గావు. కఱచిన తక్షణమే గాయమును సబ్బుతో, ధారగా పాఱు నీటితో 15 నిమిషములు కడుగవలెను. ఆనాడే టీకా మొదలిడవలెను. నెత్తురు వచ్చిన గాయము చుట్టు ప్రతిరక్షక ద్రవమును గూడ నెక్కింపవలెను. బొడ్డు చుట్టు 14 సూదులు పొడిచిన కాలము గతించినది. నేడు చేతికి 4, 5 పర్యాయములు చాలును, నడుమ మానరాదు.

1885లో పాశ్చరు పండితుడు టీకాతో జోసెఫ్ మైస్టరను బాలుని గాపాడెను. నేడట్టి టీకా హైదరాబాదుననే తయారగుచున్నది. పల్లె వైద్యశాలలో దానిని నిలువయుంచుట పాలకుల విధి; జాగు సేయకుండుట ప్రజల విధి. ఈ రెంటిలో నేది తప్పినను బలియగునది పసిబిడ్డయే.