వడ్డీ లేని అప్పుకు లెక్క ఉండాలి

మన బస్తీలలో తోపుడుబండిపై పండ్లమ్ముకొనే సోదరుడు గానీ, కుట్టుమిషను కొనదలచిన సోదరి గానీ అప్పుకోసం తొలుత వెళ్లేది బ్యాంకుకు కాదు, రోజువారీ ఫైనాన్సు వ్యాపారి వద్దకు. అతడు రూ. 9,000 చేతికిచ్చి, రోజుకు రూ. 100 చొప్పున 100 రోజులు వసూలు చేస్తాడు. అదనంగా కట్టేది వేయి రూపాయలే గదా అనిపిస్తుంది. కానీ అసలు ప్రతిరోజూ తరుగుతూ పోతుంది గనుక, ఏడాదికి లెక్కగడితే ఈ వడ్డీ 75 శాతం దాటుతుంది.

బ్యాంకులు ఎందుకు ఆదుకోవన్న ప్రశ్నకు సచార్ కమిటీ 2006లోనే సమాధానమిచ్చింది. ముస్లింలు అధికంగా నివసించే పలు ప్రాంతాలను కొన్ని బ్యాంకులు ‘ప్రతికూల మండలాలు’గా గుర్తించి, రుణాలకు దూరంగా ఉంచాయని ఆ నివేదిక నమోదు చేసింది. ఈ వివక్షపై హక్కుల పోరాటం సాగవలసినదే. అది ఫలించేదాకా బండివాడు ఆగలేడు.

సామాజిక వ్యాపారమే ఇందుకు మార్గమని ఇటీవల సభలలో తరచు వింటున్నాము. సమాజం కోసం నడుస్తూనే, విరాళాలపై ఆధారపడక తన కాళ్లపై నిలిచే సంస్థ అని దాని అర్థం. భావన మంచిదే. అయితే తెలుగునేల దాని చేదునూ చవిచూసింది. నారాయణఖేడ్‌లో స్వచ్ఛంద సంస్థగా మొదలైన ఎస్.కె.ఎస్. 2010 ఆగస్టులో స్టాక్ మార్కెటుకెక్కి సుమారు రూ. 1,600 కోట్లు సమీకరించింది. రెండు నెలలు తిరిగేసరికి, వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల నడుమ, సూక్ష్మరుణ సంస్థలను అదుపు చేయడానికి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసివచ్చింది. పేదల పేరుతో పుట్టిన సంస్థలో మిగులు ఎవరికి చేరుతున్నదో అడగకపోతే జరిగేది ఇదే. ‘హలాల్ లాభం’ పేరిట డిపాజిట్లు సేకరించి మన కుటుంబాలనే ముంచినవారూ లేకపోలేదు.

లాహోరులో 2001లో డాక్టర్ అమ్జద్ సాఖిబ్ ప్రారంభించిన అఖువత్ మరో దారి పట్టింది. ఒక వితంతువుకు వడ్డీ లేకుండా ఇచ్చిన రూ. 10,000 దాని తొలి రుణం. మసీదులలో, చర్చిలలో అందరి ఎదుట రుణాలు పంచుతారు. అందరి ఎదుట పుచ్చుకొన్న అప్పును ఎగవేయడానికి మనసొప్పదు. ఈ కృషికి 2021లో ఆయనను రామన్ మెగసెసే పురస్కారం వరించింది.

ఖర్జె హసనా మనకు కొత్తది కాదు. కొత్తగా కావలసినది రిజిస్టరు. మన కమిటీలు చాలావరకు నోటిమాటపైనే నడుస్తున్నాయి. అప్పు ఒప్పందాన్ని వ్రాసుకొమ్మని ఆదేశించే బఖరా సూరాలోని 282వ ఆయతు ఖుర్ఆన్‌లోకెల్లా పొడవైనదని మన పెద్దలకు తెలియనిది కాదు. లెక్క అడిగితే అనుమానించినట్లు నొచ్చుకోవడం మానుకోవాలి.

1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం క్రింద వేర్వేరు కుటుంబాలకు చెందిన పదిమంది కలిస్తే పొదుపు సంఘాన్ని నమోదు చేయవచ్చును. పాలకవర్గాన్ని సభ్యులే ఎన్నుకొంటారు, ఏటా ఆడిట్ ఉంటుంది. సభ్యుల పొదుపే మూలధనం. వడ్డీకి బదులు వాస్తవ నిర్వహణ వ్యయాన్ని మాత్రమే రుసుముగా తీసుకొని, ఆ పద్దును ప్రతినెలా మసీదు గోడపై అంటించవచ్చును. జకాత్‌ను ఇందులో కలుపరాదు. అది హక్కుదారులకు తిరిగి అడగకుండా ఇవ్వవలసినది.

ఏ మొహల్లాలోనైనా అట్టి పదిమంది ముందుకు వస్తే, బైలాల ముసాయిదా, రిజిస్టర్ల నమూనాలు సిద్ధం చేసి ఇచ్చే పని మేము చేస్తాము. ఆ పదిమందిలో కనీసం నలుగురు స్త్రీలుండాలన్నదే మా షరతు.