తొలి మ్యాచ్ సరే, ఆమేలె?

నా దగ్గర రెండు వందల పేజీల నోట్‌బుక్ ఒకటి ఉంది. ఫస్ట్ పీయూసీలో హిస్టరీ నోట్స్ కోసమని కొన్నాను. 2023 మార్చిలో మహిళల ప్రీమియర్ లీగ్ మొదలైంది, ఆ పుస్తకంలోకి హిస్టరీ రానే లేదు. ఆర్‌సీబీ వచ్చి కూర్చుంది. మన జట్టుకు కొత్తగా ఎవరు ఆడినా ఆ రోజు తేదీ, ఊరు, ఎదుటి జట్టు, ఎన్ని పరుగులు, ఎన్ని వికెట్లు అన్నీ రాసుకుంటాను. ఒక్కొక్కరికి ఒక్కో వరుస. మొదటి ఏడాది అందరూ కొత్తవాళ్ళే కాబట్టి నాలుగు పేజీలు ఒక్క నెలలోనే నిండిపోయాయి.

ఈ పిచ్చి నాకొక్కదానికే కాదు. మన క్లాసులోనే నాలాంటివాళ్ళు ముగ్గురు నలుగురు ఉన్నారు. టాస్ అయ్యాక పదకొండు పేర్లు చెబుతున్నప్పుడు మునుపెన్నడూ వినని పేరు ఒకటి వినిపిస్తే చాలు, మాకు పండగే. ఎవరీ పిల్ల, ఏ ఊరు, ఎడమ చేతి బౌలరా, కుడి చేతి బ్యాటరా అని మ్యాచ్ మొదలయ్యేలోపే అన్నీ తెలుసుకుంటాం. ఆ పిల్ల మొదటి బంతి వేస్తుంటే మా గుండె కొట్టుకుంటుంది.

మాది రెండు భాషల ఇల్లు. నాయన తెలుగు, అమ్మ కన్నడ. నాయన చదివే తెలుగు పేపర్లో ఇలాంటి తొలి మ్యాచ్‌ను ‘అరంగేట్రం’ అంటారు. అమ్మ చదివే కన్నడ పేపర్లో ‘పదార్పణె’ అంటారు. మన మాటలో అరంగం ఎక్కడం ఉంది, అమ్మ మాటలో పాదం మోపడం ఉంది. రెండూ మంచి మాటలే. కానీ రెండూ మొదటి అడుగు దగ్గరే ఆగిపోతాయి. మన అభిమానం కూడా అక్కడే ఆగిపోతోందని, అది సగం అభిమానమేనని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు నా తప్పే చెప్పుకుంటాను.

2024 ఫిబ్రవరి 24న చిన్నస్వామి స్టేడియానికి నాయనతో కలిసి వెళ్ళాను. పీయూసీ పరీక్షలు నెత్తిమీద ఉన్నాయి, అయినా వెళ్ళాను. యూపీ వారియర్స్‌తో మ్యాచ్. ఆంధ్రా అమ్మాయి సబ్భినేని మేఘన ఆ రోజే మొదటిసారి మన జట్టుకు ఆడింది, 53 పరుగులు చేసింది. నాయన ఆనందం చూడాలి! చుట్టూ కన్నడంలో అరుస్తుంటే ఈయన ఒక్కడే “కొట్టు తల్లీ” అని అరిచాడు. తర్వాత ఆశా శోభన బౌలింగ్. పదిహేడో ఓవర్లో మూడు వికెట్లు తీసింది. మొత్తం 22 పరుగులకు ఐదు వికెట్లు. ఈ లీగ్‌లో ఐదు వికెట్లు తీసిన మొదటి భారతీయురాలు ఆమె. రెండే రెండు పరుగులతో గెలిచాం.

అప్పటికి ఆశ వయసు 32. ఇంటికొచ్చి చూస్తే ఆమె కేరళకు, రైల్వేస్‌కు, పుదుచ్చేరికి ఆడుతూ ఎన్నో ఏళ్ళుగా మైదానంలోనే ఉంది. నా నోట్‌బుక్‌కు మాత్రమే కొత్త. ఆ ఏడాది మేలో ఇండియా తరఫున మొదటి టీ20 ఆడేటప్పటికి ఆమెకు 33 నిండాయి. జూన్‌లో ఇదే చిన్నస్వామిలో మొదటి వన్డే ఆడి 21 పరుగులకు నాలుగు వికెట్లు తీసింది. ఇవన్నీ ఎర్ర ఇంకుతో రాసుకున్నాను.

2025 సీజన్ వచ్చింది. మొదటి మ్యాచ్‌లోనే ప్రేమా రావత్, జోషిత కొత్తగా మన జట్టులోకి వచ్చారు. ఆ మ్యాచ్‌లో మన జట్టు రెండు వందలకు పైగా లక్ష్యాన్ని కొట్టేసింది. నేను కొత్త వరుసలు గీసుకుంటూ మురిసిపోతున్నాను. వంటింట్లోంచి అమ్మ వచ్చి అడిగింది, “ఆ పెద్ద అమ్మాయి ఎక్కడే? పోయిన సారి ఐదు వికెట్లు తీసిందే?”

నిజంగా నాకు గుర్తే లేదు. గాయం వల్ల ఆశ ఆ సీజన్ మొత్తానికి దూరమైంది. ఆ వార్త వచ్చింది, నేనూ చదివాను, కానీ పుస్తకంలో రాయలేదు. రాయడానికి చోటే లేదు. నేను గీసుకున్న గళ్ళన్నీ వచ్చిన రోజువే. అమ్మ ఒకే మాట అంది, “ఆమేలె?” అంటే తర్వాత ఏమైంది అని. మన బెంగళూరులో దీనికి అనువాదం అక్కర్లేదు.

ఆ ఒక్క మాట పట్టుకుని పాత లెక్కలు వెతికాను. 1999 జూన్ 26, ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్. ఐర్లాండ్‌తో వన్డే. ఇండియా తరఫున ఇద్దరు ఓపెనర్లు ఆ రోజే తొలి మ్యాచ్ ఆడారు. ఇద్దరూ సెంచరీలు కొట్టారు, ఇద్దరూ అవుట్ కాలేదు. స్కోరు వికెట్ పడకుండా 258. ఒకరు 114 చేసిన మిథాలీ రాజ్. అప్పుడు వయసు పదహారు. ఇంట్లో తమిళం, పెరిగిన ఊరు హైదరాబాద్, మనలాగే రెండు భాషల పిల్ల. ఆమె తర్వాత ఇరవై రెండేళ్ళకు పైగా ఆడింది. 232 వన్డేలు, 7805 పరుగులు. అందరికీ తెలుసు.

రెండో ఆమె 104 చేసింది. పేరు రేష్మా గాంధీ. ఆమె ఆడిన వన్డేలు మొత్తం రెండు.

ఒకే రోజు, ఒకే పిచ్, ఇద్దరివీ సెంచరీలు. ఆ రోజు నా నోట్‌బుక్ ఉండుంటే రెండు వరుసలూ దాదాపు ఒకేలా ఉండేవి. తేడా అంతా నేను గీయని గళ్ళల్లో ఉంది. తొలి మ్యాచ్ చూసి ఎవరు నిలుస్తారో చెప్పలేమన్నది ఒక సంగతి. నిలవని వాళ్ళ గురించి ఎవరూ అడగరన్నది ఇంకో సంగతి. నన్ను బాధ పెట్టేది ఆ రెండోదే.

మొన్నమొన్నటిదే చూడండి. 2025 ఏప్రిల్ 27న కొలంబోలో శ్రీచరణి, కాశ్వీ గౌతమ్ ఇద్దరూ ఒకే వన్డేతో ఇండియా జట్టులోకి వచ్చారు. నవంబర్ 2న మనవాళ్ళు ప్రపంచకప్ గెలిచినప్పుడు 14 వికెట్లు తీసిన శ్రీచరణి పేరు ప్రతి ఇంట్లో మోగింది. కడప ముఖమే చూడని నాయన “మన కడప పిల్ల” అని వీధంతా మైసూర్‌పాక్ పంచాడు. మంచిదే, నేనూ తిన్నాను. కాశ్వీ ఆ ప్రపంచకప్ జట్టులో లేదు. ఆ రోజు ఆమె ఏం చేస్తూ ఉంటుందో అని మా ఇంట్లో ఎవరమూ అనుకోలేదు.

మన లీగ్‌లో జట్లు ఐదే. పదకొండు మందిలో మామూలుగా నలుగురు విదేశీయులు ఆడతారు. మిగిలేవి ఏడు స్థానాలు. ఐదేళ్ళు ముప్పై ఐదు. ఇంత పెద్ద దేశంలో క్రికెట్ ఆడే అమ్మాయిలందరికీ కలిపి ముప్పై ఐదు కుర్చీలు! అందుకే ప్రతి కొత్త పేరు వెనకా బెంచి మీదికి వెళ్ళిన పాత పేరు ఒకటి ఉంటుంది. మనం చప్పట్లు కొట్టేటప్పుడు ఆమె కూడా తోటివాళ్ళతో కలిసి చప్పట్లు కొడుతూ ఉంటుంది. కెమెరా అటు తిరగదు.

ఇదంతా చెబితే నా స్నేహితురాలు కోప్పడింది. “అభిమానులం మనం, సెలెక్టర్లం కాదు. మంచి ఆటే గెలుస్తుంది. కొత్తవాళ్ళు వచ్చినప్పుడు సంతోషపడకుండా ఏడుపు లెక్కలెందుకు?” అంది. సగం ఒప్పుకుంటాను. ఎవరిని ఆడించాలో చెప్పే అధికారం నాకు లేదు, అక్కర్లేదు కూడా. సంతోషపడొద్దని కూడా అనడం లేదు. కానీ మన జట్టు అని గొంతు చించుకుని అరిచేవాళ్ళం, ఆ చొక్కా వేసుకున్న అమ్మాయి పేరు ఏడాదికే మరిచిపోతే, మనం అరిచింది ఆ అమ్మాయి కోసమా, కొత్తదనం కోసమా? కొత్త సినిమా పోస్టర్ మారినట్టు మనుషుల్ని మార్చేసుకుంటే అది అభిమానం ఎట్లవుతుంది?

ఈ గోడపత్రికకు రాస్తున్నానని అమ్మతో చెప్పాను. ఏమీ మాట్లాడకుండా ట్రంకు పెట్టె తెరిచి, చీరల అడుగునుంచి ఒక సర్టిఫికెట్ తీసింది. ఖోఖో, జిల్లా స్థాయి, పాల్గొన్నందుకు. అమ్మది మండ్య దగ్గర పల్లె. హైస్కూల్లో ఉండగా ఒక్కసారి జిల్లా పోటీలకు వెళ్ళిందట. పందొమ్మిదేళ్ళుగా ఈమెతో ఒకే ఇంట్లో ఉన్నాను, ఈ సంగతి నాకు తెలియదు. క్రికెట్ చూసినప్పుడల్లా “ఆమేలె?” అని ఎందుకు అడుగుతుందో అప్పుడు అర్థమైంది.

ఆమె మాటే ఆమెను అడిగాను, “ఆమేలె?”

“ఆమేలె ఏనూ ఇల్ల,” అంది. తర్వాత ఏమీ లేదు. సర్టిఫికెట్ మళ్ళీ మడిచి పెట్టేసి, కుక్కర్ చూడ్డానికి వెళ్ళిపోయింది.

నేను నోట్‌బుక్‌లో గళ్ళు పెంచాను. తొలి మ్యాచ్ గడికి ముందు ఒకటి: ఇక్కడికి రాకముందు ఎన్నేళ్ళు ఎక్కడెక్కడ ఆడింది. తర్వాత రెండు: మరుసటి సీజన్‌లో ఎక్కడ ఉంది, ఇప్పుడు ఎక్కడ ఉంది. తెలియకపోతే ఖాళీగానే ఉంచుతున్నాను. ఖాళీ కనబడితే అడగాలనిపిస్తుంది, గడే లేకపోతే అడగం.

మన కాలేజీ సంగతి కూడా ఇంతే. ప్రతి జూలైలో స్పోర్ట్స్ బోర్డు మీద కొత్తగా ఎంపికైనవాళ్ళ పేర్లు పెడతారు, పాత కాగితం చింపేస్తారు. చింపకుండా పక్కనే పెట్టమని ఫిజికల్ ఎడ్యుకేషన్ మేడమ్‌ను అడగబోతున్నాను. నాతో వచ్చేవాళ్ళు లంచ్ బెల్ తర్వాత తెలుగు డిపార్ట్‌మెంట్ దగ్గరికి రండి.

ఈ కాగితం కింద నాలుగు వేళ్ళ జాగా వదిలాను, పెన్సిల్ దారంతో కట్టి ఉంది. మీ ఇంట్లో, మీ వీధిలో, మీ స్కూల్లో ఒక్కసారి ఆడి ఆగిపోయిన అమ్మాయి ఎవరైనా ఉంటే, ఏం ఆట, ఏ ఏడాది అని ఒక్క వరుస రాయండి. మొదటి వరుస నేను రాశాను. మా అమ్మది.