పరుగూ అవసరమే

1985లో న్యూయార్క్‌లో బస్సు గుద్ది జిమ్ మెక్‌లారెన్ అనే యువకుడి కాలు పోయింది. కృత్రిమ కాలుతోనే ఈత, సైకిల్, పరుగు కలిసిన ట్రయథ్లాన్ పోటీలు చేశాడు. 1993లో కాలిఫోర్నియాలో పోటీ మధ్యలో వ్యాను ఢీకొట్టి కాళ్లూ చేతులూ చచ్చుబడ్డాయి. అతనికి అనువైన వాహనం కొనివ్వాలని 1994లో మిత్రులు శాన్‌డియాగోలో చందాలు పోగుచేశారు. ఛాలెంజ్డ్ అథ్లీట్స్ ఫౌండేషన్ అలా పుట్టింది. అమెరికాలో బీమా కంపెనీలు కాలు లేనివాళ్లు పరుగెత్తడానికి తొడుక్కునే బ్లేడును వైద్య అవసరం కాదని తరచూ తోసిపుచ్చుతాయి. కాలు లేని పిల్ల తోటివాళ్లతో పరుగెత్తాలనుకోవడం అవసరం కాకపోతే ఇంకేది అవసరం? ఆ బ్లేడు ఖర్చును ఈ సంస్థ గ్రాంట్లు భరిస్తాయి. ఏ ఆట ఆడతావని అడిగి మరీ ఇస్తుంది. మన ఊళ్లలో వికలాంగులకు మూడు చక్రాల బండ్లు పంచేటప్పుడు, ఎక్కడికి వెళ్లాలనుందమ్మా అని మనమూ అడగాలి.