దీపాలదిన్నె మీద మళ్లీ ఒక స్తూపం

అమరావతి మహాచైత్యం నిలిచిన చోట ఇవాళ కనిపించేది పచ్చికలో పెద్ద వలయం, ఇటుకల వరసలు, అక్కడక్కడా నిలబెట్టిన రాతి పలకలు. బడిపిల్లలు వచ్చి "స్తూపం ఏది టీచర్?" అని అడిగితే ఆవిడ ఆ వలయాన్నే చూపించాలి. దాదాపు 50 మీటర్ల వ్యాసంతో, నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన అరుగుల మీద ఐదేసి ఆయక స్తంభాలతో, చుట్టూ పద్మాలు చెక్కిన ప్రాకారంతో కృష్ణ ఒడ్డున వెలిగిన కట్టడం అది. పక్కనున్న మ్యూజియంలో దాని నమూనా ఒకటుంది, కొన్ని శిల్పాలున్నాయి. మిగిలిన పలనాటి సున్నపురాయి శిల్పాల్లో పెద్ద వాటా చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. 120కి పైగా లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఢిల్లీ, కోల్‌కతా, పారిస్‌లలో మరికొన్ని.

ఫోను తెర మీద గానీ కళ్లకు పెట్టుకునే పరికరంలో గానీ, లేని కట్టడాన్ని ఉన్నచోటే నిలబెట్టి చూపించే ఆగ్మెంటెడ్ రియాలిటీ గురించి మన ప్రభుత్వాలు, పర్యాటక శాఖలు ఉత్సాహంగా మాట్లాడుతున్నాయి. ఆ సాంకేతికత తెలుగు నేల మీద ఒకే ఒక్క చోట అవసరమనుకుంటే అది అమరావతే. అయితే అది ఎలా ఉండాలన్నదే ముఖ్యం.

ముందు ఆ రాళ్లు ఎలా వెళ్లాయో గుర్తు చేసుకోవాలి. 1790లలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిని తన రాజధాని చేసుకున్నప్పుడు ఊరి కట్టడాలకు రాయి, ఇటుక కావలసి వచ్చి దీపాలదిన్నె అని పిలిచే ఆ దిబ్బను తవ్వారు. 1798లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో తన సర్వేయర్లతో తిరిగి వచ్చేసరికి దిబ్బ నడిమధ్యన చెరువు తవ్వి ఉంది. కొన్ని రాళ్లు మెట్లయ్యాయి, కొన్ని సున్నపు బట్టీలో కాలిపోయాయి. మిగిలినవాటిని ఆ సర్వేయర్లు కొలతలు తీసి, ఒక్కొక్కటిగా బొమ్మలు గీశారు. ఆ తర్వాత మచిలీపట్నం కలెక్టర్ రాబర్ట్‌సన్ కొన్ని రాళ్లను తన ఊరి బజారుకు అలంకారంగా తెప్పించుకున్నాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసులో ఏళ్ల తరబడి ఎండకూ వానకూ పడి ఉండి, 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. అక్కడా వాటిని పట్టించుకున్నవాళ్లు లేరు. 1867లో వాస్తు చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ వాటిని ఫైఫ్ హౌస్ అనే భవనం బండ్లశాలలో చూశాడు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియానికి మారాయి. అదే ఏడాది ఇక్కడ మద్రాసు గవర్నర్ ఉత్తర్వుతో దిబ్బను పూర్తిగా తవ్వి శుభ్రం చేయించారు. ఏ రాయి ఏ వరసలో, ఏ రాయి పక్కన ఉండేదో చెప్పగల సాక్ష్యం చాలావరకు ఆ శుభ్రతలోనే పోయింది.

ఈ చరిత్ర తెలియకుండా చేసే త్రీడీ స్తూపం అందంగా ఉండొచ్చు, కానీ అబద్ధమవుతుంది.

స్తూపం ఎలా ఉండేదో చెప్పే ఆధారం స్తూపం మీదే ఉంది. అండం, అంటే స్తూపం గుమ్మటం, కింది వేదిక చుట్టూ అతికించిన పలకల్లో చాలావాటి మీద శిల్పులు స్తూపాన్నే చెక్కారు. ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, ఆయక స్తంభాలు, అండం మీద పూలదండలు, ఆకాశంలో ఎగిరే దేవతలు, అన్నీ వాటిలో కనిపిస్తాయి. ఇప్పటిదాకా వచ్చిన ప్రతి ఊహాచిత్రమూ ఈ పలకల మీద ఆధారపడినదే. కానీ ఏ రెండు పలకలూ ఒకేలా లేవు. ఒకదాంట్లో అండం నిండా కథా దృశ్యాలుంటే మరొకదాంట్లో అలంకారం పైభాగానికే పరిమితం. ఆ శిల్పులు తాము చూసినదే చెక్కారా, తమ మనసులోని స్తూపాన్ని చెక్కారా అన్నది పండితుల మధ్య తెగని చర్చ. అండం ఎత్తు కూడా లెక్కకట్టి ఊహించుకోవలసిందే.

బ్రిటిష్ మ్యూజియంలోని ఒక పలకను మరీ చెప్పుకోవాలి. దాని ఒక పక్క స్తూపం బొమ్మ ఉంది. వెనక్కి తిప్పితే అంతకన్నా రెండు మూడు వందల ఏళ్ల ముందు చెక్కిన దృశ్యం: బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ నమస్కరిస్తున్న జనం. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపించని కాలం నాటి పని అది. తర్వాతి తరం శిల్పులు ఆ రాయినే తిప్పి, రెండో ముఖం మీద కొత్తగా చెక్కారు. అంటే మహాచైత్యం ఒక్కసారిగా కట్టి వదిలేసినది కాదు. కొన్ని శతాబ్దాలపాటు మారుతూ, పెరుగుతూ వచ్చింది. మరి దీపాలదిన్నె మీద మనం నిలబెట్టబోయేది ఏ కాలపు స్తూపం? సాతవాహనుల వైభవాన్ని ఒక్కటే చూపిస్తే ఆ బోధివృక్షం కాలం కనబడకుండా పోతుంది. కాగితం మీది బొమ్మలో ఒక్క రూపాన్నే చూపించగలం. ఈ సాంకేతికతకు ఆ ఇబ్బంది లేదు. వేలితో జరిపితే కాలం మారాలి, మరోసారి జరిపితే పండితుల రెండో ఊహ కనిపించాలి.

తెలిసినదాన్నీ ఊహించినదాన్నీ కలిపేయకూడదని 2009 నాటి లండన్ చార్టర్ చెప్పింది. వారసత్వ కట్టడాలను కంప్యూటర్‌లో పునర్నిర్మించేవాళ్లు ఏ భాగానికి ఏ ఆధారముందో చూసేవాళ్లకు తెలిసేలా నమోదు చేయాలన్నది దాని సారాంశం. అమరావతిలో ఇది తప్పనిసరి నిబంధన కావాలి. దొరికిన రాయి దాని అసలు రంగుతో, పగుళ్లతో కనిపించాలి. ఊహించిన భాగం గీతలుగానే మిగలాలి. ఏనుగు నాలాగిరిని బుద్ధుడు శాంతింపజేసే గుండ్రని శిల్పాన్ని తాకితే అది చెన్నైలో ఉందని, అక్కడికెలా వెళ్లిందో తెలుగులో చెప్పాలి. సున్నపు బట్టీకి పోయిన రాళ్లకు మెకంజీ మనుషులు గీసిన బొమ్మలు మిగిలి ఉంటే, వాటిని కాగితం మీది గీతలుగానే చూపించాలి.

రాళ్ల మీద పేర్లు కూడా ఉన్నాయి. వ్యాపారులు, భిక్షుణులు, గృహిణులు తమ దానాలను ప్రాకృతంలో, బ్రాహ్మీలిపిలో రాయించుకున్నారు. ఉపాధ్యాయుడు నాగుడి కొడుకు విధికుడనే చర్మకారుడు తన తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లతో కలిసి పూర్ణఘటం ఉన్న ఫలకాన్ని సమర్పించాడు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట తోలు పని చేసుకునే ఒక కుటుంబం పేరు మహాచైత్యం మీద నిలిచింది. గైడ్లు రాజుల పేర్లు చెబుతారు. విధికుడి పేరు చెప్పేవాళ్లు అరుదు. ఈ పని చేపట్టేవాళ్లు ఆ శాసనాలకు గొంతునివ్వకపోతే ఎన్ని వెలుగులు ప్రసరించినా మాకు సంతోషం ఉండదు.

ఇది జరిగే పనేనా అంటే, జరిగింది. కంబోడియాలోని ఫ్నోం దా కొండ గుహల్లోని గోవర్ధనధారి కృష్ణుడి విగ్రహం ఒకటి అమెరికాలోని క్లీవ్‌లాండ్ మ్యూజియంలో ఉంది. దాని ముక్కలూ ఆ కొండ మీదే దొరికిన మరో విగ్రహం ముక్కలూ కలిసిపోయి దశాబ్దాలపాటు గందరగోళం నడిచింది. త్రీడీ నమూనాలను పోల్చి చూడటం ఏ ముక్క ఎవరిదో తేల్చడానికి సాయపడింది. 2021లో క్లీవ్‌లాండ్‌లో పెట్టిన ప్రదర్శనలో చూపరులు హోలోలెన్స్ పరికరాలు పెట్టుకుని ఆ కొండనూ విగ్రహాల కథనూ చూశారు. సాంకేతికత అక్కడ ముందు పరిశోధనకు పనికొచ్చింది, తర్వాతే ప్రదర్శనకు. ఆ వరసే సరైనది.

ఆ హోలోలెన్స్ తయారీని మైక్రోసాఫ్ట్ 2024లో ఆపేసింది. గూగుల్ తన ఆగ్మెంటెడ్ రియాలిటీ వేదిక టాంగోను అంతకుముందే, 2018లో మూసేసింది. పరికరాన్ని నమ్ముకుని డబ్బంతా పోస్తే ఐదేళ్లలో అది మూలపడుతుంది. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగాక అక్కడ డిజిటైజ్ చేసిన రాతప్రతులు నెలల తరబడి ఆన్‌లైన్‌లో అందలేదు. మెకంజీ సర్వేయర్లు గీసిన అమరావతి చిత్రాలు ఆ లైబ్రరీవే. ఆ కాగితాలు మాత్రం రెండు వందల ఏళ్లుగా చదవగలిగేలా ఉన్నాయి. కాబట్టి యాప్ కన్నా ముందు కావలసింది కొలతలు, ఫొటోలు, ముడి స్కాన్లు, వాటి పక్కన అచ్చులో ఒక జాబితా.

ఆ స్కాన్లు ఎవరివి? బెర్లిన్‌లోని నెఫెర్టిటి శిల్పం త్రీడీ స్కాన్‌ను బయటపెట్టించడానికి ఒక అమెరికన్ కళాకారుడు సమాచార హక్కు కింద ఏళ్ల తరబడి పోరాడితే గానీ 2019లో అది అందలేదు. మన రాళ్ల స్కాన్లు రేపు ఏదో మ్యూజియం లైసెన్సు కింద రుసుము కట్టి తెచ్చుకోవలసిన సరుకు కాకూడదు. ఇంకొక ప్రమాదమూ ఉంది. "తెర మీద చూసుకుంటున్నారుగా, ఇంక రాళ్లెందుకు?" అనే వాదన ఎప్పుడైనా వస్తుంది. బొమ్మ దొరకడం వల్ల రాయి మీద హక్కు పోదని ఏ ఒప్పందమైనా మొదటి పేజీలోనే రాసుకోవాలి.

ఇలాంటిదే మరో బౌద్ధక్షేత్రం నాగార్జునకొండ సంగతి వేరు. నాగార్జునసాగర్ జలాశయం నీటి కింద పోయిన ఆ లోయను మునగకముందే, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వి నమోదు చేశారు. కొన్ని కట్టడాలను విప్పదీసి కొండ మీదా అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. లోయను ఇక కళ్లారా చూడాలంటే వర్చువల్ రియాలిటీ తప్ప దారి లేదు. దానికి విడిగా ఒక ప్రణాళిక కావాలి, దాని గురించి మరో సంచికలో రాస్తాం.

అమరావతి పని మాత్రం లండన్ అనుమతి కోసం ఆగనక్కర్లేదు. చెన్నైలోని రాళ్లు ఒక రాత్రి రైలు ప్రయాణం దూరంలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాలు, పురావస్తు శాఖ కలిసి ఒక ఒప్పందం చేసుకుంటే వాటి స్కానింగ్‌తో మొదలుపెట్టవచ్చు. ప్రతి స్కాన్‌కూ ఒక ప్రతి అమరావతి మ్యూజియంలోనే ఉండాలి, ఎవరైనా ఉచితంగా తీసుకోగలగాలి. ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో చరిత్ర, శాసనాలు, కంప్యూటర్ విభాగాల విద్యార్థులను ఆ పనిలోకి తీసుకోవాలి. ఈ మేరకు రెండు ప్రభుత్వాల సాంస్కృతిక శాఖలకు ఈ నెలలోనే వినతిపత్రం పంపుతున్నాం. అందులో సంతకం చేయదలచిన పాఠకులు కార్యాలయానికి రాయండి.