శిక్షణలో ఒరిగిన సైనికుడు

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలో మాధవరం అనే గ్రామం ఉన్నది. చుట్టుపట్ల జనం దానిని మిలిటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలలోను ఆ యూరి యువకులు పాల్గొన్నారు. స్వాతంత్ర్యానంతరం కూడ ఆ పరంపర ఆగలేదు. తండ్రి తరువాత కొడుకు, అన్న తరువాత తమ్ముడు సైన్యంలో చేరడం అక్కడ విశేషంగా చెప్పుకొనే సంగతి కాదు. సేద్యం వలెనే అదియు ఒక బ్రతుకుతెరువు, ఒక గౌరవం.

ఇటువంటి ఊళ్లలో పుట్టిన బాలునికి యుద్ధంలో మరణించడం అంటే ఏమిటో ఎవరును వేరుగా చెప్పనక్కరలేదు. కాని సైనికుల మరణాలన్నీ యుద్ధభూమిలోనే సంభవించవు. గురి నేర్చుకొనే మైదానంలోను, నదిని దాటడం అభ్యసించే రేవులోను, మంచుకొండల మీది విన్యాసాలలోను ప్రాణాలు కోల్పోయేవారు కలరు. అక్కడ శత్రువు ఎదురుగా లేడు. యుద్ధం ప్రకటింపబడలేదు. అయినను దేశం కొరకు బయలుదేరినవాడు తిరిగి రాలేదు. ఈ మరణాన్ని దేశం ఏ లెక్కలో వ్రాసుకోవలెను? 2024లో ఈ ప్రశ్నను తెలుగువారి ముంగిట నిలిపినది లడఖ్‌లోని ఒక నది.

ఆ సంవత్సరం జూన్ 28వ తేది రాత్రి తూర్పు లడఖ్‌లో ససేర్ బ్రాంగ్సా సమీపాన సైనిక శిక్షణ ముగించుకొని తిరిగివస్తున్న ఒక టి-72 రకపు యుద్ధశకటం శ్యోక్ నదిలో చిక్కుకొన్నది. నదిలో నీటిమట్టం అకస్మాత్తుగా పెరిగినదనియు, రక్షించడానికి వెళ్లిన బృందాలు ప్రవాహ వేగం వలన కృతకృత్యులు కాలేకపోయినవనియు సైన్యం ప్రకటించినది. శకటంలోని అయిదుగురును మరణించినారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారు: ప్రకాశం జిల్లా రాచర్ల మండలం కాలువపల్లెకు చెందిన ముత్తుముల రామకృష్ణారెడ్డి, బాపట్ల జిల్లా రేపల్లె మండలం ఇస్లాంపూర్‌కు చెందిన సుభాన్ ఖాన్, కృష్ణా జిల్లా పెడన మండలం చేవేండ్రకు చెందిన సాదరబోయిన నాగరాజు. తక్కిన ఇద్దరిలో ఒకరు ఉత్తరాఖండ్ వారు, ఒకరు అస్సాం వారు. మెట్టభూమి నుండి ఒకరు, కృష్ణా డెల్టా నుండి ఇద్దరు, హిమాలయ సానువుల నుండి ఒకరు, బ్రహ్మపుత్ర తీరం నుండి ఒకరు వచ్చి ఒకే యినుప గదిలో, ఒకే నీటిలో కన్నుమూసినారు.

గోదావరి తీరవాసులకు ఈ సంఘటన కొంత సులభంగా బోధపడుతుంది. వరద ఎంత త్వరగా మనిషిని ఓడించగలదో వారికి తెలుసు. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద నీరు 75.6 అడుగులకు చేరినప్పుడు దిగువ లంకలు ఏమైనవో పెద్దలు నేటికిని చెప్పుకొంటారు. అయితే గోదావరి వరదకు ఒక మర్యాద ఉన్నది. ఎగువన ఎక్కడో వాన కురుస్తుంది. భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది వెలువడుతుంది. ఆ నీరు ధవళేశ్వరం చేరే లోపల లంకవాసులు పశువులను గట్టు ఎక్కించుకొనే వ్యవధి లభిస్తుంది. హిమానీనదాల నుండి పుట్టే ఏరు అటువంటిది కాదు. పగటి ఎండకు మంచు కరుగుతుంది. ఉదయం మోకాలి లోతున దాటిన రేవు సాయంకాలానికి, రాత్రికి నిలువు లోతు కావచ్చును. ఆకాశంలో మబ్బు లేకుండగనే వరద వస్తుంది. రిమో హిమానీనదం నుండి వెలువడే శ్యోక్ పేరుకు మృత్యునది అని అర్థం చెప్పడం వాడుకలో ఉన్నది.

అటువంటి చోట అటువంటి అభ్యాసం ఎందుకని సామాన్యుడు ప్రశ్నించవచ్చును. ప్రశ్న సహజమే, సమాధానము కూడ స్పష్టమే. నలభై టన్నులకు పైబడిన శకటాన్ని నాలుగు వేల మీటర్లకు పైయెత్తున, గాలి పలుచనైన చోట, చీకటిలో, నది కడ్డముగా నడపడం మైదానంలో నేర్చుకొనే విద్య కాదు. 2020లో గల్వాన్ లోయ ఘర్షణ తరువాత ఆ సరిహద్దులో యుద్ధశకటాల అవసరం పెరిగినది. సురక్షితంగా మాత్రమే శిక్షణ పొందిన సైన్యం యుద్ధం వచ్చిన నాడు ఎక్కువ మందిని కోల్పోతుంది. కావున శిక్షణలో ప్రమాదం ఉండడం తప్పు కాదు. ఏ ప్రమాదం తప్పనిసరియో, ఏది నివారింపదగినదో వేరుచేసి చూడకపోవడమే తప్పు.

ఈ వివేకం కొరవడినప్పుడు ఏమగునో రెండవ ప్రపంచ యుద్ధ చరిత్రలో ఒక ఘట్టం చెపుతుంది. 1944 ఏప్రిల్ 28 తెల్లవారుజామున, ఇంగ్లండు దక్షిణ తీరాన అమెరికా సైనికులు నార్మండీ దాడికి అభ్యాసం చేస్తున్నారు. జర్మనీ టార్పీడో పడవలు వచ్చిపడినవి. సుమారు 750 మంది మరణించినారు. కాపలా నౌకలకును, సేనల నౌకలకును రేడియో తరంగాలు కలవలేదు. ప్రాణరక్షక పట్టీలను చంకల క్రింద కాక నడుముకు కట్టుకొన్నవారు నీటిలో తలక్రిందులైనారు. ఆ మరణాలను అప్పుడు గోప్యంగా ఉంచినారు. కాని పాఠాలను మాత్రం దాచలేదు. పట్టీలు ధరించే పద్ధతిని, సంకేతాల ఏర్పాటును దిద్దుకొన్నారు. అయిదారు వారాల తరువాత, జూన్ 6న, అసలు దాడి జరిగినది. సముద్రగర్భంలో మిగిలిపోయిన ఒక యుద్ధశకటాన్ని 1984లో పైకి తీసి ఆ తీరాననే స్మారకంగా నిలిపినారు. ప్రజలు వారిని తలచుకొనడానికి నలభై సంవత్సరాలు పట్టినది.

మన దేశంలో శిక్షణా ప్రమాదాలపై సైన్యం విచారణ జరపడం ఆనవాయితీ. ఆ విచారణల ఫలితాలు సాధారణంగా ప్రజలకు తెలియవు. రక్షణ రహస్యాలను బయటపెట్టమని ఎవరును కోరరు. కాని నదీమట్టాన్ని కనిపెట్టే ఏర్పాటు ఎట్లు మెరుగైనది, రాత్రివేళ దాటడానికి నియమాలేమి మారినవి అనే సంగతులు శత్రువుకు ఉపకరించే రహస్యాలు కావు. కుమారుని కోల్పోయిన తల్లికి, కుమారుని పంపబోయే తల్లికి అవి తెలియవలసిన విషయాలు.

ఇక రెండవ ప్రశ్న విలువకు సంబంధించినది. సైనికుల మరణాలను కారణాన్ని బట్టి అయిదు శ్రేణులుగా విభజించే ఉత్తర్వు రక్షణ శాఖ 2001 జనవరి 31న జారీ చేసినది. విధి నిర్వహణలో ప్రమాదవశాత్తు మరణించినవారు మూడవ శ్రేణిలో చేరుతారు. వారి కుటుంబానికి ప్రత్యేక కుటుంబ పింఛను లభిస్తుంది. అది లెక్కకు వచ్చే జీతభత్యాలలో నూటికి 60 వంతులు. శత్రువు చేతిలోనో, తీవ్రవాదుల చేతిలోనో, యుద్ధంతో సమానమైన పరిస్థితులలోనో మరణించినవారి కుటుంబానికి ఆఖరి జీతభత్యాలు పూర్తిగా పింఛనుగా వస్తాయి. నిజమైన మందుగుండుతో జరిగే యుద్ధాభ్యాసాలను ఈ ఉత్తర్వు యుద్ధ పరిస్థితులతో సమానంగా చూచినది. ఇది న్యాయమే. కాని అదే అభ్యాసంలో, అదే రాత్రి, తూటా వలన కాక నీటి వలన మరణించే సైనికుని మాటేమి? మందుగుండుకును నీటికిని భేదం శాస్త్రంలో ఉండవచ్చును. వితంతువు వంటింట్లో లేదు.

2022లో అగ్నిపథ్ పథకం వచ్చిన తరువాత ఈ ప్రశ్న మరింత చిక్కుపడినది. నాలుగేండ్ల కొలువుకు చేరిన అగ్నివీరుడు విధినిర్వహణ కారణంగా మరణిస్తే కుటుంబానికి 48 లక్షల బీమా, 44 లక్షల పరిహారం, మిగిలిన కాలపు జీతం, సేవానిధి లభిస్తాయి. మొత్తం చిన్నది కాదు. కాని క్రమంగా వచ్చే కుటుంబ పింఛను ఆ పథకంలో లేదు. 2024 అక్టోబరు 10న మహారాష్ట్రలోని దేవలాలి ఫిరంగి మైదానంలో గుండు పేలి ఇద్దరు అగ్నివీరులు మరణించినారు. వారు హైదరాబాదులోని ఫిరంగిదళ శిక్షణ కేంద్రం నుండి అభ్యాసానికి వెళ్లినవారు. ఇరువదేండ్ల ప్రాయం వారిది. అదే ఫిరంగి ప్రక్కన శాశ్వత సైనికుడు నిలిచియుండి మరణిస్తే అతని కుటుంబానికి ఒక నియమం, వీరి కుటుంబాలకు మరొకటి వర్తిస్తుంది. కొలువు కాలం నాలుగేండ్లా, పదునేడేండ్లా అనేది గుండు విచారించదు.

పదాల విషయంలోను ఇటువంటి చిక్కే ఉన్నది. పత్రికలు, నాయకులు వీరమరణం, అమరుడు అని ధారాళంగా వాడుతారు. అయితే అమరవీరుడు అనే మాటకు సైనిక నిబంధనలలో నిర్వచనం లేదని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పినది. కావున అంత్యక్రియల నాడు దక్కిన బిరుదు కచేరీ కాగితాలలో దేనికిని కొరగాదు. మాటలో ఉదారంగాను, లెక్కలో పొదుపుగాను ఉండడం కంటె, మాటలో మితంగా ఉండి లెక్కలో ఉదారంగా ఉండడం మేలు.

ఇది ఉపాధ్యాయులకు సంబంధం లేని సంగతి కాదు. గోదావరి జిల్లాల కాలువగట్ల మీద తెల్లవారుజామున 1,600 మీటర్ల పరుగు సాధన చేసే యువకులలో అనేకులు నిన్నటి వారి శిష్యులే. తొమ్మిదడుగుల గుంటను దుమకడం, కమ్మీ పట్టుకొని పదిసార్లు పైకి లేవడం వారు నేర్చుకొంటున్నారు. వారి సత్ప్రవర్తన పత్రాల మీద సంతకం పెట్టేది ఉపాధ్యాయుడే. సైన్యంలో చేరవద్దని వారికి చెప్పనక్కరలేదు. చెప్పినను మాధవరం వంటి ఊళ్లు వినవు. శౌర్యం శత్రువు ఎదుట మాత్రమే కనిపించేది కాదనియు, శిక్షణయే సైనికుని జీవితంలో అధిక భాగమనియు, ఆజ్ఞను పాటించడం ఎంత ధర్మమో అపాయాన్ని గుర్తించి పై అధికారికి చెప్పడం కూడ అంతే ధర్మమనియు చెప్పవలెను.

శ్యోక్ నదిలో మరణించిన అయిదుగురు శత్రువును చూడలేదు. అయినను వారు నేర్చుకొన్న విద్య, నేర్చుకొంటూ విడిచిన ప్రాణం సరిహద్దును కాపాడడానికే. వారి పేరు తలచుకొన్నప్పుడు యుద్ధంలో మరణించినారా, శిక్షణలోనా అని అడిగే అవసరం ఇంటివారికి లేదు. ఆ ప్రశ్న అడిగే అవసరం కచేరీలకును లేకుండ చేయడం, ఆ రేవులో మరియొక శకటం మునగకుండ చూడడం దేశం బాధ్యత.