మంచం మందు కాదు

రెండు నెలల క్రితం ఒక చిరకాల మిత్రుణ్ణి చూడటానికి వారి ఊరు వెళ్లాను. ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. వయస్సు డెబ్బయి ఎనిమిది. అంతకు ఆరు వారాల ముందు న్యుమోనియా వచ్చి వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. నేను వెళ్లేసరికి జ్వరం లేదు, దగ్గు లేదు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. అయినా మనిషి మంచం మీదనే ఉన్నారు. మంచం పక్కనే కమోడు కుర్చీ. కోడలు చెంచాతో జావ తాగిస్తున్నది. కుమారుడు నాతో ఎంతో తృప్తిగా, “నాన్నగారిని ఒక్క అడుగు కూడా కింద పెట్టనివ్వడం లేదండీ డాక్టరు గారూ, అన్నీ మంచం దగ్గరకే” అన్నాడు.

ఆ పిల్లల ప్రేమను శంకించడానికి వీలులేదు. ఈ రోజుల్లో అంతటి సేవ చేసేవారు అరుదు. కాని నేను దుప్పటి తొలగించి చూస్తే మిత్రుని తొడలు నా ముంజేతులంత సన్నబడి ఉన్నాయి. లేచి నిలబడమంటే ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. న్యుమోనియా ఆయనను విడిచిపెట్టింది. కాళ్లను తీసుకుపోయింది మాత్రం న్యుమోనియా కాదు, ఆరు వారాల పడక. ఆసుపత్రి వారిచ్చిన కాగితం అడుగున రెండు మాటలు ఉన్నాయి: “పూర్తి విశ్రాంతి”.

ఆ కాగితం రాసిన యువ వైద్యుణ్ణి నేను తప్పుపట్టలేను. ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన కాలంలో ఆ రెండు మాటలు నేనెన్ని వందలసార్లు రాశానో లెక్కలేదు. అంతకన్నా బరువైన సంగతి మరొకటి ఉన్నది. మా అమ్మగారికి డెబ్బయి నాలుగో ఏట టైఫాయిడ్ వచ్చినప్పుడు, కొడుకు డాక్టరన్న అధికారంతో నెల రోజులు ఆమెను మంచం దిగనివ్వలేదు. ఆమె జబ్బు తగ్గింది. ఆమె నడక తిరిగి రాలేదు. దానికి వార్ధక్యమని పేరు పెట్టి ఊరుకున్నాను. అది వార్ధక్యం కాదని, నా వైద్యమేనని గ్రహించడానికి నాకు మరి కొన్నేళ్లు పట్టింది.

ఈ విషయం వైద్యలోకానికి కొత్తదేమీ కాదు. లండన్‌లోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో డాక్టర్ మార్జరీ వారెన్‌కు 1935లో, పక్కనే ఉన్న పేదల శరణాలయపు వార్డుల బాధ్యత వచ్చి పడింది. అక్కడ 714 మంది రోగులు. వారిలో చాలామంది ఏళ్ల తరబడి మంచాలకు అతుక్కుపోయిన వృద్ధులు. వారికి ఇక చేయవలసింది ఏమీ లేదని అందరూ తీర్మానించుకున్న రోజులవి. ఆమె ఒక్కొక్కరినీ పరీక్షించి, రోగమేదో, కేవలం పడక వల్ల వచ్చిన నష్టమేదో వేరుచేసి, లేవగలిగిన వారిని లేపి కూర్చోబెట్టి, నడిపించింది. ఎందరో ఇళ్లకు తిరిగి వెళ్లారు. వృద్ధుల వైద్యం ఒక ప్రత్యేక శాస్త్రంగా రూపుదిద్దుకోవడానికి ఆమె కృషే పునాది. తరువాత 1947లో రిచర్డ్ ఆషర్ అనే మరొక ఆంగ్ల వైద్యుడు, మంచాన పడుకోవడం వల్ల కలిగే ప్రమాదాలను వివరిస్తూ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం రాశాడు. మేము వైద్యకళాశాలలో చదువుకునే నాటికి అది పాతికేళ్ల నాటి వ్యాసం. మాకెవరూ దానిని చదవమని చెప్పలేదు.

పడక ఎంత త్వరగా నష్టం చేస్తుందో కొలిచిన పరిశోధన 2007లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వెలువడింది. సగటున అరవై ఏడేళ్ల వయస్సు ఉన్న పదకొండు మంది ఆరోగ్యవంతులను పది రోజులపాటు మంచం మీదనే ఉంచారు. వారికి జబ్బేమీ లేదు, ఆహారానికి లోటు లేదు. పది రోజులలో వారి కాళ్లలోని కండ సుమారు ఒక కిలో తరిగిపోయింది. ఆరోగ్యవంతుల గతే ఇది అయితే జ్వరంతో, అరకొర తిండితో ఉన్న ఎనభై ఏళ్ల మనిషి సంగతి ఊహించుకోవచ్చును. కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయని మన పెద్దలు ఆస్తిపాస్తుల గురించి అన్నారు గాని, ఆ మాట తొడ కండరానికి మరింత బాగా వర్తిస్తుంది.

ఇంతవరకు చెప్పినది నష్టం. పోయిన బలం ఆ వయస్సులో తిరిగి వస్తుందా అన్నది అసలు ప్రశ్న. “ఈ వయస్సులో ఇంకేం బలమండీ” అనే వారికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. 1990లో బోస్టన్‌కు చెందిన డాక్టర్ మరియా ఫియాటరోన్, ఆమె సహచరులు ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో నివసించే పది మందిని ఎన్నుకున్నారు. వారి సగటు వయస్సు తొంభై. వారానికి మూడు రోజుల చొప్పున ఎనిమిది వారాలు, కాళ్లతో బరువులు ఎత్తించారు. ఏదో నామమాత్రపు బరువులు కావు, ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో ఎనభై శాతం వరకు. చివరి వరకు నిలిచిన తొమ్మిది మందిలో కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్ల మనిషి కండరానికి కూడా పని చెబితే అది పెరగడం మరచిపోలేదన్న మాట.

అదే బృందం 1994లో నూరు మంది వృద్ధులతో మరొక పరిశోధన ప్రచురించింది. కొందరికి వ్యాయామం, కొందరికి పోషక పానీయం, కొందరికి రెండూ ఇచ్చారు. మరికొందరికి రెండూ ఇవ్వలేదు. వ్యాయామం చేసినవారి బలం రెట్టింపుకు మించి పెరిగింది, నడక వేగం హెచ్చింది. వ్యాయామం లేకుండా పానీయం మాత్రమే తాగినవారికి బలం రాలేదు. తల్లిదండ్రులకు నెల నెలా బలం పొడుల డబ్బాలు కొని పంపే బిడ్డలు, ముఖ్యంగా విదేశాలలో ఉన్నవారు, ఈ ఫలితాన్ని గుర్తుంచుకుంటే డబ్బు మిగులుతుంది.

అలాగని అతిశయోక్తి చెప్పడం నాకిష్టం లేదు. 2014లో అమెరికాలో ‘లైఫ్’ పేరిట డెబ్బయి నుంచి ఎనభై తొమ్మిదేళ్ల మధ్య వయస్సుగల 1,635 మందితో జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. రెండున్నరేళ్లకు పైగా పరిశీలించగా, ఆరోగ్య ప్రసంగాలు మాత్రమే విన్నవారిలో 35.5 శాతం మంది నాలుగు వందల మీటర్లు నడిచే శక్తిని కోల్పోయారు. క్రమబద్ధంగా నడక, కండర వ్యాయామం చేసినవారిలో అది 30.1 శాతం. తేడా అద్భుతమేమీ కాదు. కాని వృద్ధుల నడకను ఈ మాత్రం నిలబెట్టగల మాత్ర ఒక్కటైనా మందుల దుకాణంలో ఉంటే, దానిని మేమంతా ప్రతి చీటీ మీదా రాసి ఉండేవాళ్లం.

మన ఇళ్లలో అడ్డు తగిలేది అజ్ఞానం కన్నా మర్యాద అని నా అభిప్రాయం. పెద్దవారు లేచి మంచినీళ్లు తెచ్చుకుంటే కోడలికి తలవంపు. మామగారు అంగడికి వెళ్లి కూరలు తెస్తే ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనని కొడుక్కి బెంగ. “రామా కృష్ణా అనుకుంటూ ఓ మూల కూర్చోక మీకెందుకండీ ఈ పనులు” అనే మాట ప్రేమతోనూ అంటారు, విసుగుతోనూ అంటారు. ఎలా అన్నా కండరానికి జరిగేది ఒకటే. ఇక ఆహారం సంగతి. ముసలివారికి పప్పు అరగదని చెప్పి పూటపూటా మజ్జిగన్నం, జావ పెడతారు. వయస్సు మీరినవారికి యువకుల కన్నా మాంసకృత్తులు కొంచెం ఎక్కువే కావాలి. కిలో బరువుకు రోజుకు ఒక గ్రాము నుంచి గ్రామున్నర పావు తక్కువ వరకు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు తమ వైద్యుణ్ణి అడగాలి. మిగిలినవారికి పప్పు, పెసరట్టు, పెరుగు, గుడ్డు, చేప, ఎవరి ఆచారాన్ని బట్టి వారికి, ప్రతి పూటా ఏదో ఒకటి ఉండాలి.

తుంటి ఎముక విరిగినప్పుడు ఈ వైఖరి ప్రాణాంతకమవుతుంది. “ఈ వయస్సులో ఆపరేషన్ ఎందుకు, ఉన్నన్నాళ్లు పడుకోబెట్టి చూసుకుంటాం” అని బండిలో తిరిగి ఇంటికి తీసుకుపోయిన కుటుంబాలను నేను చాలా చూశాను. ఆ తరువాత పడకపుండ్లు, ఛాతీలో కఫం, కాళ్ల నరాలలో రక్తం గడ్డకట్టడం, మతి తప్పడం. శస్త్రచికిత్స యవ్వనం కోసం కాదు, నొప్పి లేకుండా లేచి కూర్చోవడం కోసం. వీలైతే ఒకటి రెండు రోజుల్లో శస్త్రచికిత్స చేసి, మరునాడే లేపి నిలబెట్టడం నేటి ప్రమాణం. గుండె మరీ బలహీనంగా ఉన్న కొద్దిమంది విషయంలో వేరుగా ఆలోచించవలసి రావచ్చు. వయస్సు ఒక్కటే అందుకు కారణం కారాదు.

ఇంట్లో చేసుకోదగిన పరీక్ష ఒకటి చెబుతాను. గోడకు ఆనించిన గట్టి కుర్చీలో పెద్దవారిని కూర్చోబెట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఐదుసార్లు లేచి కూర్చోమనండి. పన్నెండు సెకన్లు లేదా అంతకు మించి పడితే కండరాల పనితనం తగ్గుతున్నట్లేనని ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో సూచించింది. ఆ పరీక్షే చికిత్స కూడా. మొదట్లో చేతుల ఆసరాతో, తరువాత ఆసరా లేకుండా, రోజుకు రెండు మూడు దఫాలు లేచి కూర్చోవడం. వంటగది గట్టు పట్టుకుని మడమలు పైకెత్తడం. తేలికైనప్పుడు సంఖ్య పెంచడం. లేవగానే కళ్లు తిరిగేవారు, ఛాతీనొప్పి ఉన్నవారు, ఇటీవల గుండెపోటు వచ్చినవారు వైద్యునికి చూపించుకున్న తరువాతే మొదలుపెట్టాలి. రక్తపోటు మాత్రల మోతాదు ఎక్కువై పడిపోయేవారు మనం అనుకునేదానికన్నా ఎక్కువ. స్నానాలగదిలో పట్టుకునే కమ్మీ లేకుండా ఈ వ్యాయామాలన్నీ వృథా.

2010లో మొదలైన వృద్ధుల జాతీయ ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రిలో పది పడకల వార్డు, ఫిజియోథెరపీ ఉండాలని నిర్దేశించారు. సంతోషమే. కాని నడవలేని మనిషి జిల్లా కేంద్రానికి ఎలా వస్తాడు? గ్రామాలలో గర్భిణులను, పసిపిల్లలను ఇంటింటికీ వెళ్లి చూసే ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు ఈ కుర్చీ పరీక్ష నేర్పడానికి ఒక పూట చాలు. వారికి ఇప్పటికే మోయలేనంత పని ఉన్నదని నాకు తెలుసు. అందుకు తగిన పారితోషికం ఇచ్చి చేయించాలన్నదే నా మాట. శుక్లాల శిబిరాలకు దాతలు ముందుకు వస్తారు, కళ్లద్దాలు పంచుతారు. కాళ్లకు ఇంకా ఎవరూ శిబిరం పెట్టలేదు.

మిత్రుని ఇంట్లో ఆ రోజు నేను మందులేమీ రాయలేదు. కమోడు కుర్చీని మంచం పక్క నుంచి తీయించి గది అవతలి మూలకు జరిపించాను. కోడలికి కోపం వచ్చినట్లు ముఖం చూస్తేనే తెలిసింది. తరువాత వారంవారం ఫోను చేసి కనుక్కున్నాను. మూడో వారానికి వాకరుతో వసారా దాకా వచ్చారు. మొన్న ఆమే ఫోను చేసి, “మామయ్యగారు చెప్పకుండా వీధి చివరి దాకా వెళ్లి పేపరు తెచ్చుకున్నారండీ, మీరైనా కాస్త మందలించండి” అన్నది. మందలించలేదు. చేతికర్ర తీసుకెళ్లారా అని మాత్రం అడిగాను.